మునిరత్నం అన్నకు రెండు నిమిషాల మౌనం

దయ్యాలను చూశామని చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ చిరాకు. నేను కంప్యూటర్ పని చేసే మనిషిని. ఏ తప్పుకైనా ఎక్కడో ఒక కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ అలాగే నమ్మాలని ఉంది. అయినా ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం కంటే సిగ్గే ఎక్కువ.

మేం కొందరం కలిసి ఒక ఓపెన్ సోర్స్ గుంపు నడుపుతున్నాం. సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాకూడదు, ఎవరైనా తీసుకోవచ్చు, బాగుచేసి నలుగురికీ పంచవచ్చు అన్నది మా మాట. నిరుడు తిరువళ్లూరులో ఒక కల్యాణ మండపం తీసుకుని ఒకరోజు సదస్సు పెట్టాం. పెత్తనమంతా నాదే. పెళ్లిపెద్దకున్నంత హడావిడి, అంత గర్వమూ నాకుండేవి.

మునిరత్నం అన్నది దగ్గర్లోని తిరుత్తణి. జిరాక్స్ కొట్టు నడుపుతాడు. మా సాఫ్ట్‌వేర్‌లో కనిపించే ఇంగ్లీషు మాటలన్నిటినీ తెలుగు చేసేది ఆయనే. గుంపులో తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నా, తమిళనాడులో చదువుకున్నవాళ్లం కాబట్టి మాకు సాఫీగా చదవడం వచ్చేది తమిళమే. ఆయన ప్రసంగం భోజనాల తర్వాత పెట్టాను. తెలుగులో మాట్లాడితే సగం హాలు లేచిపోతుందని నా భయం. ఎలాగూ జనం కునికే వేళే కదా అని అక్కడ పడేశాను.

సదస్సు రోజు ఉదయం కుర్చీలు వేయిస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ముసలామె గొంతు.

"మీటింగు పెట్టే పిలకాయవి నువ్వేనా నాయనా? మా రత్నం సచ్చిపోయినాడు. మీవోళ్లందరికీ సెప్పు."

నేను ఏదో అడిగేలోపే పెట్టేసింది. అన్నకు ఫోన్ చేస్తే స్విచాఫ్. వాళ్లింట్లో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. తిరుత్తణిలో ఎవరినైనా పంపించి కనుక్కుందామన్న ఆలోచనే రాలేదు.

దీపం వెలిగించగానే మైకు తీసుకుని కబురు చెప్పాను. అందరం లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆయన ఫొటో పెద్దదిగా తీయించి ముందు బల్ల మీద పెట్టాం. మండపం బయట పూలమ్మే అమ్మాయి దగ్గర దండ కొని వేశాం. ఆయన సమయాన్ని చెన్నై నుంచి వచ్చిన ఒక కంపెనీ అతనికి ఇచ్చాను. పాపం, ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు.

భోజనాల వేళకు మునిరత్నం అన్న వచ్చాడు.

వెనకాలే వదిన. అరక్కోణం దగ్గర రైలు నిలిచిపోయిందట, ఫోన్‌లో చార్జి అయిపోయిందట. పేరు రాయించుకుందామని బల్ల దగ్గరికి వచ్చి, దండ వేసిన తన ఫొటో చూసుకున్నాడు. నా చేతిలో సాంబారన్నం పళ్లెం ఉంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నా పసుపూ కుంకమా నీకేం పాపం సేసినాయయ్యా? ఇంటికొచ్చి సూసినావా? యాడన్నా ఒగర్ని అడిగినావా?" అని వదిన హాలంతా వినేలా అరిచింది. తెలుగు రాని పిల్లలకు కూడా అర్థమైపోయింది. దండ తెంపి పారేసింది. నేను ఫోన్ తీసి నంబరు చూపించి, ముసలామె అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను.

వదిన అరుపు ఆగిపోయింది. "మా ఇంట్లో ముసిలోళ్లు యాడుండారు? రత్నమని పిలిసేది మా అత్త ఒగితే. ఆమె పొయ్యి శానా ఏండ్లాయ."

అప్పుడు అన్న నెమ్మదిగా చెప్పాడు. ముందురోజు డాబా మీద ఆయన తలను కాకి తన్నింది. మా వైపు అది చావుకు సూచన అంటారు. విరుగుడుగా, ఆ మనిషి పోయాడని బంధువులకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్లు నమ్మి ఏడిస్తే గండం తొలగిపోతుందని నమ్మకం. కబురు పంపుదామని వదిన పోరింది. ఈ కాలంలో ఇదేం పని అని ఆయన కొట్టిపారేశాడు. ఆ మాట ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఆ నంబరుకు అందరి ముందే తిరిగి ఫోన్ చేశాం. వాడుకలో లేదని వచ్చింది.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవురన్నా ఏడ్సినారా నాయనా? ఒగరైనా?"

"ఏడ్సినాం వదినా. నేనైతే ఆపుకోలేకపోయినా."

శుద్ధ అబద్ధం. హాల్లో ఎవరి కళ్లూ తడవలేదు. నావి అసలే తడవలేదు. అంత తిట్టిన మనిషి కొంగుతో కళ్లు తుడుచుకుని నన్ను దీవించింది. ప్రసంగం సంగతి అన్నకు ఎలా చెప్పాలా అని నేను నీళ్లు నములుతుంటే, ఆయనే గోడ మీది కార్యక్రమం చూసుకుని నవ్వాడు. "సచ్చినోనికి టైం ఎవురిస్తార్లే నాయనా" అన్నాడు. ఆ నవ్వుకు బదులు రెండు తగిలించినా బాగుండేది.

సదస్సు వీడియోలు అందరికీ అందుబాటులో పెట్టడం మా ఆనవాయితీ. కొన్నాళ్లకు మణవాళనగర్‌లో మా ఇంట్లో, పట్టపగలు, వాటిని సరిచేయడానికి కూర్చున్నాను. మౌనం దగ్గరికి వచ్చేసరికి ఏడుపు వినిపించింది. ముసలి గొంతు. శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడ్చే ఏడుపు. నేను "కూర్చోండి" అనగానే ఆగిపోయింది.

ఆ రోజు హాల్లో ముసలామె అంటూ ఎవరూ లేరు. వంటవాళ్లు కూడా మగవాళ్లే. మైకు నా ముందే ఉంది, నాకు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇద్దరు మిత్రులకు వినిపించాను. రోడ్డు మీది శబ్దమై ఉంటుందన్నాడు ఒకడు. రెండోవాడు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ముక్క కత్తిరించి మిగతాది పెట్టేశాను.

అన్న చల్లగా ఉన్నాడు. మా కలయికలన్నిటికీ వస్తాడు. కొత్తవాళ్లకు నన్ను చూపించి, "నాకోసరం ఏడ్సిన పిలకాయ" అని చెబుతాడు. మొన్న మాత్రం, "పోన్ జేసింది మాయమ్మేనంటా వుంది మీ వదిన. ఆ మౌనం ముక్క పంపు నాయనా, ఒగసారి సూస్తా" అన్నాడు. పాడైపోయిందన్నాను.

ఆ ఏడుపు ఎవరిదో నేను చెప్పలేను. ఆయన వింటే ఒక్క క్షణంలో చెప్పగలడేమో. శబ్దం ఒక్కటే విడదీసి పంపవచ్చు. పంపితే, వీడియోలో బొమ్మ ఏదని అడుగుతాడు. ఆ ఏడుపు వినిపిస్తున్నంతసేపూ బొమ్మలో ఉన్నది నేనే. తలలు వంచుకున్న జనం ముందు నిలబడి, కార్యక్రమం కాగితంలో ఆయన పేరు కొట్టేసి, పైన కంపెనీ అతని పేరు రాసుకుంటున్నాను.