వడ్డీకి తెచ్చిన లాభం

2023 ఏప్రిల్. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారిలో, ఎరువుల దుకాణం పై అంతస్తులో మా షేర్ బ్రోకింగ్ ఆఫీసు. నేను అక్కడ బ్రాంచి మేనేజర్ని. ఆ రోజుల్లో కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క. ఇంట్లో నాకు అనుమానపు పక్షి అని పేరు. ఈ ఉద్యోగంలో ఆ గుణమే నాకు అన్నం పెడుతోంది.

ఆ ఏడు యార్డులో ఎవర్ని కదిపినా ఒకటే షేరు మాట. మిర్చి నింపే సంచులు, కారప్పొడి ప్యాకెట్లు తయారుచేసే ఒక ప్యాకేజింగ్ కంపెనీ. ఏటా డివిడెండ్ పెంచుకుంటూ పోతోంది. డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే సొమ్ము. సంచి మీద ఆ పేరు రోజూ కళ్లబడుతుంటే కంపెనీ కూడా బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తుంది కాబోలు. నాకు మాత్రం ఏటా అంత ధారాళంగా ఇవ్వడం మొదట్నించీ మింగుడు పడలేదు.

మస్తాన్ వలి గారు ప్రత్తిపాడు వైపు కౌలు రైతు. మిర్చి అమ్మిన డబ్బు మొత్తం ఆ షేర్లో పెట్టమని వచ్చారు. అది వచ్చే పంటకు పెట్టుబడని నాకు తెలుసు. అది పోతే కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తేవాలి. తెస్తే పంటను ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మాలి.

"కొద్ది నెలలకే కదండీ, బ్యాంకులో వేసుకోకూడదా?" అన్నాను.

"వడ్డీ మాకొద్దు మేడం. ఇదైతే లాభంలో వాటా, న్యాయమైన సొమ్ము. డివిడెండ్ పడగానే షేర్లు అమ్మేసి నారు తెచ్చుకుంటా."

ఆ కంపెనీ మీద నాకు నమ్మకం లేదని, వద్దని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వారు.

"మా యార్డులో సరుకు బాలేదన్నోడే కొనేవాడు మేడం. తెల్లబారిన తాలు కాయ ఉందంటాడు, తేమ ఉందంటాడు, ఆఖరికి ఆడే ఎత్తుకుపోతాడు. మీరు దీన్ని ఇంతగా తీసిపారేస్తున్నారంటే మీ లెక్క ఏంటో నాకు అర్థం కావట్లా."

ఒళ్లు మండింది. కానీ ఆయన జాగాలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పి నా సొంత ఖాతా చూపించాను.

"నేను కొనట్లేదండీ. నా దగ్గరున్నవి కూడా పోయిన నెలే అమ్మేశాను."

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. "అమ్మేవాళ్లెవరైనా సరుకును పొగుడుతారు. మీరు అమ్మి మరీ తిడుతున్నారేంటి?"

అప్పుడు గానీ నా మాట చెవికెక్కించుకోలేదు. పేఅవుట్ రేషియో అని ఒక లెక్క ఉంటుంది. వంద రూపాయల లాభంలో ఎంత పంచారో అది చెబుతుంది. ఈ కంపెనీది రెండేళ్లుగా వంద దాటింది, అంటే సంపాదించిన దానికన్నా ఎక్కువ పంచుతోంది. ఆ రెండేళ్లలోనే బ్యాంకు అప్పు పెరిగింది, కొత్తగా కొన్న మెషీన్ మాత్రం ఒక్కటీ లేదు. షేర్లలో సగానికి పైగా ప్రమోటర్లవి, అంటే కంపెనీ పెట్టిన కుటుంబానివే. పంచినప్పుడల్లా పెద్ద ముద్ద వాళ్ల కంచంలోకే పోతోంది. చట్టాన్ని తప్పారని నేను చెప్పలేను, కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు.

"అంటే వడ్డీకి తెచ్చి లాభమని పంచుతున్నారా?" ఆయన గొంతు తగ్గింది.

"నాకు అలాగే కనిపిస్తోందండీ."

"పైన ఎర్రకాయ పోసి అడుగున తాలు పెట్టినట్టు," అని లేచారు. కొంటానని గానీ, మానేస్తానని గానీ అనలేదు. ఎదురు వీధిలో ఇంకో బ్రోకరు దగ్గరికి పోతారేమోనని కిటికీలోంచి చూశాను. బస్టాండు వైపే వెళ్లారు.

కొన్నాళ్లకు డివిడెండ్ పడింది. మస్తాన్ గారు ఫోన్ చేశారు. "మావోళ్లందరికీ డబ్బులొచ్చినయ్ మేడం. టీ కొట్టు దగ్గర నన్ను ఆటపట్టిస్తున్నారు. మీ మాట విని నేను పప్పులో కాలేసినట్టున్నా." ఈసారి నా మీద నాకే అనుమానం వచ్చింది. డబ్బు పడ్డవాళ్లు అమ్ముకుని బయటపడ్డారా అంటే అదీ లేదు. వచ్చే ఏడు ఇంకా ఎక్కువిస్తారని కొందరు అప్పు చేసి మరికొన్ని కొన్నారు.

మరుసటి ఏడు కంపెనీ డివిడెండ్ ఇవ్వలేదు. షేరు సగానికి పైగా పడిపోయింది. టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్లలో కొందరు పెట్టుబడి కోసం కమీషన్ వ్యాపారుల గుమ్మం ఎక్కారని విని బాధేసింది. మస్తాన్ గారు మాత్రం సొంత డబ్బుతో పండించుకున్న కాయను తనకు నచ్చిన కొట్లో, నచ్చిన ధరకు అమ్ముకున్నారు.

అప్పటినుంచి ఎవరు ఏ షేరు గురించి అడిగినా, అది నా దగ్గర ఉందో లేదో ముందు చెప్పి తర్వాతే సలహా ఇస్తున్నాను. కంపెనీ ఎంత ఇస్తోందన్నది కాదు, ఎక్కడినుంచి తెచ్చి ఇస్తోందన్నదే మొదటి ప్రశ్న అని కొత్తగా చేరేవాళ్లకూ చెబుతున్నాను.

ఆ తర్వాత ఒకరోజు ఆయన చిన్న సంచిలో తేజా రకం మిర్చి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. థాంక్స్ చెబుతూనే, నాకు తెలియకుండానే చెయ్యి సంచి అడుగుకంటా దించి గుప్పెడు కాయ పైకి తీశాను. తీశాక సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన పగలబడి నవ్వారు. "చూసుకోండి మేడం. చూడకుండా తీసుకుంటే నాకు బాధగా ఉండేది."

అడుగు కాయ కూడా పైదానిలాగే ఎర్రగా ఉంది.