మస్తాన్‌బీ గారి హాల్లో దీపాలు

2005 వేసవిలో నన్ను తెనాలికి వేశారు. ఇంటి దీపాలు తయారుచేసే ఒక కంపెనీలో నేను లైటింగ్ ఇంజనీరుని. తెనాలి, బాపట్ల, రేపల్లె నా పరిధి. కొన్న దీపాన్ని ఎక్కడ, ఎంత ఎత్తున, ఎటు తిప్పి బిగించాలో చెప్పడం నా పని. వినేవాళ్ళు తక్కువ. అప్పట్లో ఊరూరా ఫాల్స్ సీలింగ్ పిచ్చి పట్టింది. అసలు కప్పు కింద ప్లాస్టర్‌తో ఇంకో కప్పు వేయించి, దానికి చిల్లులు పొడిచి, చిల్లుకో దీపం పెట్టుకుని మురిసిపోయేవారు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

వానాకాలంలో రేపల్లె నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. మస్తాన్‌బీ గారి ఇల్లు. భర్త పోయిన నాటి నుంచీ బట్టల కొట్టు ఆవిడే నడుపుతున్నారు. చీరాల నుంచి ఏ నేత తేవాలో, ఎప్పుడు తేవాలో, రోజూ సాయంత్రం కొడుకులిద్దరినీ హాల్లో కూర్చోబెట్టి తేల్చేవారు. నేను వెళ్ళేసరికి వసారాలో ఉన్నారు. "నిచ్చెన నువ్వే ఎక్కుతావా అమ్మాయ్?" అని మొదలుపెట్టి నా ఉద్యోగం సంగతంతా రాబట్టారు.

హాలుకి కొత్త కప్పు వేయించినవాడు పెద్ద కొడుకు ఖాదర్. "మసకగా ఉంది మేడమ్, ఇంకో నాలుగు లైట్లు పెట్టించండి" అన్నాడు. తర్వాత గేటు దగ్గరికి తీసుకెళ్ళి అసలు బాధ చెప్పాడు. "అమ్మీకి మతి తప్పుతోందండి. ఒకటడిగితే ఇంకోటి చెబుతోంది. గుంటూరులో నరాల డాక్టరుకి చూపించి, కొట్టు మేమే చూసుకుందామనుకుంటున్నాం."

వసారాలో నన్ను నిలదీసిన మనిషికి మతి తప్పిందంటే నమ్మబుద్ధి కాలేదు. హాల్లో దీపాలు వేయించి, వెలుతురు కొలిచే లక్స్ మీటరుని టీపాయి మీద పెట్టాను. కావలసినంత వెలుతురే చూపించింది. అందరూ కూర్చున్నాక చూద్దామని సాయంత్రం దాకా ఆగాను.

ఖాదర్ చెప్పింది నిజమే. కొడుకులు ఏదో అడుగుతుంటే ఆవిడ పొంతన లేని జవాబులిచ్చారు, తర్వాత అవీ మానేశారు. అంతలో కరెంటు పోయింది. కోడలు ఎమర్జెన్సీ లైటు తెచ్చి, అత్తగారి కళ్ళలో పడకుండా కొడుకుల వైపు తిప్పి టీపాయి మీద పెట్టింది. రంజాను సరుకు ముందే దించుదామన్నాడు చిన్నవాడు రఫీ. "వానల్లో దించి గోడౌన్లో చెమ్మ పట్టిస్తావా?" అని ఆవిడ వెంటనే అందుకున్నారు. కరెంటు వచ్చేదాకా ఇద్దరినీ వాయించి పెట్టారు. దీపాలు వెలగగానే మళ్ళీ మౌనం.

నేను లేచి మీటరుని రఫీ ముఖం ముందు నిలువుగా పట్టాను. అంకె అమాంతం పడిపోయింది. నడినెత్తిన ఉన్న దీపాలు నుదుటినీ ముక్కునూ వెలిగించి నోటిని నీడలో వదిలేశాయి. అతని వెనక గోడ మీది ట్యూబ్‌లైటు ఆ నీడను ఇంకా నల్లగా చేసింది.

మర్నాడు వసారాలో ఆవిడకు ఎదురుగా కూర్చుని, చెవులు ఎప్పటి నుంచి వినపడటం లేదని అడిగాను. ఆవిడ ఒకసారి ఇంట్లోకి చూసి, "చాలా ఏళ్ళయిందిలే. పెదాలు చూసి పట్టేసుకుంటా. చెప్పానంటే కుర్చీ లాగేస్తారమ్మాయ్. వాళ్ళకి చెప్పమాకు" అన్నారు. నాకు మనసు చివుక్కుమంది. చెప్పనని మాటిచ్చాను.

ఖాదర్ అడిగిన నాలుగు దీపాలు ఇవ్వలేదు. నెత్తిన ఉన్నవి ఆర్పించి, ట్యూబ్‌లైటు పీకించాను. కూర్చున్న మనిషి కంటికి కాస్త పైన, ఎదురెదురు గోడలకు పాలరంగు గాజు బుడ్డీల దీపాలు పెట్టించాను. ఒక వైపు దీపం వేసే నీడను రెండో వైపుది చెరిపేస్తుంది. "ఉన్నవి ఆర్పడానికి ఇంజనీరెందుకండీ?" అని ఖాదర్ నసిగాడు.

అవి వెలిగించిన సాయంత్రం ఆ హాలు వేరే ఇంటి హాలులా ఉంది. ఎవరి ముఖం మీదా నీడ లేదు. ఆవిడకు దూరంగా, హాలు చివర ఖాదర్ తమ్ముడి వైపు వంగి ఏదో గొణిగాడు. పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు.

"ఎల్లుండి శుక్రవారంరా. నమాజు మానేసి నన్ను గుంటూరు తీసుకుపోతావా?" అన్నారు మస్తాన్‌బీ గారు.

ఖాదర్ బిత్తరపోయాడు. "అంత మెల్లగా అన్నాను, ఎలా వినపడిందమ్మీ?"

ఆవిడ గోడ మీది దీపం వైపు చూశారు. "వినపడలేదురా. కనపడింది."

మిగతాది ఆవిడే చెప్పారు. గుంటూరు వెళ్ళారు, చెవుల డాక్టరు దగ్గరికి. కుర్చీ జోలికి ఎవరూ రాలేదు. ఆ తర్వాత నేను ఏ ఇంటికి వెళ్ళినా, అక్కడ ఎవరు ఎవరి ముఖం చూసి మాట్లాడాలన్నదే మొదట అడిగాను. ఎన్ని దీపాలు కావాలన్నది చివరి ప్రశ్న.