దావీదు కంటే ముందు ఇసుక బస్తాలు

కరోనాకు ముందు సంవత్సరం, నవంబరు మొదట్లో, వర్ధన్నపేట దాటాక ఖమ్మం రోడ్డు మీద ఉన్న ఒక ఊరి చర్చికి కంపెనీ నన్ను సేఫ్టీ సూపర్వైజరుగా వేసింది. క్రిస్మస్ లోపల గంట గోపురానికి మరమ్మతు చేసి రంగులు వేయాలి. నా ఉద్యోగంలో అదే చివరి చలికాలం.

సేఫ్టీ సూపర్వైజరు అంటే పని ఆపించే అధికారం ఉన్నవాడు, చేయించే అధికారం లేనివాడు. సైట్ ఇంజనీరు కంటే హోదా తక్కువ, మేస్త్రీ కంటే పలుకుబడి తక్కువ. నేను చదివింది ఏడో తరగతి. పరంజా కట్టే కూలీగా మొదలై, సేఫ్టీ బెల్టుల డబ్బాల్లో వచ్చే ఇంగ్లీషు కాగితాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి ఈ పని నేర్చుకున్నాను. ఆ కాగితాల్లో మిర్చి బజ్జీలు పొట్లం కట్టుకున్నవాళ్ళను కూడా చూశాను.

మనిషి ఎత్తు మీది నుంచి పడితే మన దగ్గర మొదట వినిపించేది ఒకటే మాట: 'వాని టైం బాగలేదు.' ఉద్యోగమంతా ఆ మాట వినీ వినీ నా ఒళ్ళు మండిపోయేది. టైంకు ఏమైంది? బాగాలేనిది కొక్కెం తగిలించిన చోటు! బెల్టు కొంటారు, తాడు కొంటారు, వేసుకుని ఫొటో దిగుతారు. ఆ తాడు చివర కొక్కేన్ని తగిలించే చోటును మా పనిలో యాంకర్ అంటాం. అది షాపులో దొరకదు. బరువు వేసి పరీక్షించి తేల్చుకోవాలి. అక్కడికి వచ్చేసరికి అందరికీ దేవుడు గుర్తొస్తాడు.

ఆ చర్చి గోపురం పైన చదునైన స్లాబు, చుట్టూ మోకాలెత్తు పిట్టగోడ, ఒక మూల మెట్లు ఎక్కివచ్చే కంత, నడుమ నిలువెత్తు సిమెంటు సిలువ. అంతకు మించి అక్కడ ఏమీ లేదు. బయటి గోడలకు రంగు వేయాలంటే జూలా దింపాలి. రెండు తాళ్ళకు వేలాడే పలకను జూలా అంటారు. పెయింటరు దాని మీద కూర్చుని రంగు వేస్తాడు. ఆ తాళ్ళను ఎప్పుడూ సిలువ మొదలుకే కట్టేవారట.

పెయింటరు దావీదు ఆ ఊరివాడే, ఆ సంఘంవాడే. పోయినసారి రంగులు వేసింది వాళ్ళ నాయన. నేను వెళ్ళేసరికి దావీదు జూలా తాళ్ళు సిలువకు కట్టి, బెల్టు కొక్కెం కూడా దానికే తగిలించి, దిగడానికి సిద్ధంగా ఉన్నాడు.

“ఆగు. దాని మీద ఎంత బరువు ఆగుతదో చూసినవా?” అన్నాను.

దావీదు నవ్వాడు. “సిలువ కొమురన్నా అది. దానికి మించిన గట్టిది ఏమున్నది? మా నాయన ఏలాడిండు, నేను గూడ ఏలాడుతాన.”

“మీ నాయన ఏలాడినప్పుడు దాని వయసు ఎంత? ఇప్పుడెంత?”

సిలువకు బరువు పరీక్ష చేసేదాకా కుదరదని నేను పని ఆపించాను. గంటలో సంఘం సెక్రటరీ ప్రకాశం వచ్చాడు. మంచి మనిషే కానీ క్రిస్మస్ దగ్గరపడుతోందని ఆయన గొంతు పెరిగింది. పరీక్ష ఎలా చేస్తావని అడిగాడు. మనిషి లేకుండా జూలా మీద ఇసుక బస్తాలు వేసి, ఇద్దరు మనుషుల బరువుకు మించి, సిలువ నుంచే కిందికి వేలాడదీస్తానని చెప్పాను.

“సిలువకు పరీక్ష పెడ్తవా? గదే మీ గుడి అయితే గిట్లనే జేస్తవా?”

“చేసిన సారూ. నెక్కొండ దిక్కు ఒక గుడి గోపురం మీద పరీక్ష పెట్టకుండ కలశానికి తాడు కట్టనియ్యలే. వాళ్ళు నన్ను నాస్తికుడన్నరు.”

“ఇక్కడ మేం అన్యుడంటం, పో!” అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ పని మాత్రం మొదలు కానివ్వలేదు. ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీ నాకు ఫోన్ చేసి, సర్దుకుపొమ్మంది. రాతపూర్వకంగా పంపితే సర్దుకుంటానన్నాను. అటునుంచి ఎవరూ ఏమీ పంపలేదు.

ఆ వాదనలోకి దావీదు తల్లి రూతమ్మ వచ్చింది, కొడుకు సద్ది గిన్నె చేతిలో పట్టుకుని. కాసేపు విన్నది. తర్వాత గిన్నె మెట్టు మీద పెట్టి సెక్రటరీని నిలదీసింది.

“ఏందయ్యా ప్రకాశం, ఆ సిలువ మీద ఒకాయన ఏలాడింది సాలదా? నా కొడుకును గూడ ఏలాడదీస్తరా? బస్తాలు ఏస్తనంటాండు గదా, ఎయ్యనియ్. ఇసుకకు తల్లి ఉన్నదా?”

ప్రకాశం, “సరే, కానియ్. సిలువకు ఏమన్నా అయితే మాత్రం నీ బాధ్యత కొమురయ్యా,” అని పక్కకు జరిగాడు.

కిందంతా తాడు కట్టించి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఊరు ఊరంతా రోడ్డవతల గుమిగూడింది. తిరునాళ్ళ లెక్కనే ఉంది. “కొమురన్నా, బస్తాలకు బెల్టులు పెట్టవా?” అని ఒకడు అరిచాడు. బస్తాలను తాడు మీద ఒక్కొక్కటే పైకి లాగి, జూలా మీద పేర్చి, పిట్టగోడ అవతలికి మెల్లగా వదిలాం. మొదట సగం బరువు. సిలువ కదల్లేదు. రోడ్డవతల చప్పట్లు! దావీదు నా వైపు చూసి, “చెప్పిన గద అన్నా, ఫికర్ చెయ్యకని,” అన్నాడు. సిలువ ఆగితే ఊరు నన్ను చూసి నవ్వుతుంది, విరిగితే తరిమికొడుతుంది.

మిగిలిన బస్తాలు వేయించాను. జూలా కిందికి జారి తాళ్ళు బిగిశాయి. ఎక్కడో చిన్న చప్పుడు, ఎండిన కట్టె విరిగినట్టు. సిలువ మొదట్లో సున్నం పెచ్చు లేచింది. “వెనక్కి! అందరూ వెనక్కి!” అని అరిచాను. మేము మెట్ల కంత వైపు దూకడం, సిలువ ఒరిగి పిట్టగోడకు ఆనడం ఒక్కసారే జరిగాయి. ఒక తాడు ముడి పైకి జారి ఊడింది, జూలా ఒక పక్కకు వాలిపోయింది. బస్తాలు కింద పడి పగిలిన శబ్దం, దాని వెనకే ఊరంతటి కేక.

దుమ్ము తగ్గకముందే ప్రకాశం పైకి వచ్చాడు. “పడగొట్టినవ్! క్రిస్మస్ ముందర సిలువ పడగొట్టినవ్!” అంటూ నా చొక్కా పట్టుకున్నాడు. సిలువ మొదలు చూపించాను. లోపల ఉండాల్సిన ఇనుప చువ్వ తుప్పు పట్టి బూడిదలా రాలుతోంది. ఇన్నేళ్ళూ ఆ సిలువను నిలబెట్టింది పై ప్లాస్టరు ఒక్కటే. ఆయన వంగి వేలితో తాకాడు. చొక్కా వదిలాడు. “గాలికి పడకుండ ఎట్ల ఆగిందయ్యా ఇది,” అని మాత్రం అన్నాడు.

దావీదు పిట్టగోడ మీంచి కిందికి చూస్తున్నాడు. తాను కూర్చోవలసిన పలక ఒంటి తాడుకు గిరగిర తిరుగుతోంది. కింద ఇసుక చెదిరి ఉంది. అతను నడుముకు వేలాడుతున్న కొక్కేన్ని చేతిలోకి తీసుకున్నాడు.

“ఇది ఏడ పెట్టాలె అన్నా?”

స్లాబు కింది గదిలో గంట వేలాడే కాంక్రీటు దూలం ఉంది. దానికీ బస్తాలతో పరీక్ష పెట్టాను. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు, బస్తాలు మోయడానికి ప్రకాశమే ముందుకొచ్చాడు. దూలం చెక్కుచెదరలేదు. జూలా తాళ్ళను దూలానికి ఒకచోట, బెల్టు తాడును విడిగా ఇంకొకచోట కట్టించాను, ఎందుకంటే ఒకటి పోయినా రెండోది మిగలాలి. మెట్ల కంతలోంచి తాళ్ళు స్లాబు మీదికి తెచ్చి, పిట్టగోడ అంచుకు కోసుకుపోకుండా గోనెపట్టా మడిచి వేశాం. దావీదు దిగాడు, రంగు వేశాడు, సాయంత్రానికి ఇంటికి పోయాడు. పని ముగిసేదాకా రోజూ అంతే.

సిలువను కొత్త చువ్వలతో స్లాబులోకి దింపి మళ్ళీ పోశారు. రాబోయే పెయింటర్ల కోసం దాని పక్కనే స్లాబులో ఇనుప రింగులు పాతించాను. క్రిస్మస్‌కు నక్షత్రం దీపం తీగను సిలువకు కట్టబోతుంటే ప్రకాశమే ఆపి రింగుకు కట్టించాడట.

ఆ తర్వాతి వేసవిలో నేను రిటైరయ్యాను. మా పని బాగా జరిగితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. పడనివాడి గురించి ఎవరూ రాయరు. అయినా ఆ చర్చి దగ్గర నాకు ఒక సంగతి రూఢి అయింది: జనం ఎంత గట్టిగా నమ్మినా, దాని వల్ల ఏ చోటూ ఒక్క కిలో బరువు కూడా అదనంగా మోయదు. కాబట్టి మనిషి కంటే ముందు ఇసుకను దింపాలి.