కొయ్యని పేజీలు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. బాబుకు ఒళ్ళు వెచ్చబడితే మా అత్తమ్మ కొండగట్టు పోయి తాయత్తు తెస్తానంటుంది, నేను థర్మామీటర్ పెట్టి మందు పోస్తాను. బీఎస్సీ చదివాను. పిరికిదాన్నే, కానీ నా భయాలన్నీ జ్వరాలూ, దగ్గులూ, రోడ్డు మీది లారీలూ. ఇది కూడా బాబు పడుకున్నాక, మధ్యమధ్య లేచి వాడి ఊపిరి చూసుకుంటూ రాస్తున్నాను.

మా అన్న జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఐర్లాండ్ చరిత్ర మీద ఎప్పుడో అచ్చయిన కరపత్రాలు, ఉపన్యాసాల చిన్న పుస్తకాలు సేకరించడం అతని పిచ్చి. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. ఆ ఉపన్యాసాల్లో నచ్చిన మాటలను అంచుల్లో పెన్సిల్‌తో మన మాటల్లోకి మార్చి రాసుకుని సభల్లో చెప్పేవాడు. స్నేహితులు ఆటపట్టించేవారు.

"తెలంగాణ అడుగుమని మైకిస్తే గీ సారు ఐర్లాండ్ అడుగుతుండేందిరా!"

"అడిగెటోడు ఏడున్నా అడిగెటోడే తియ్," అని అన్న నవ్వేవాడు.

కోరుట్లలో ఖలీల్ చాచాది పాత కాగితాలు కొనే దుకాణం. వకీళ్ళ ఇళ్ళల్లో, టీచర్ల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోయాక వచ్చే ఇంగ్లీషు పుస్తకాలను ఆయన అన్న కోసం పక్కన పెట్టేవాడు.

వాటిలో కొన్ని మడతలు కొయ్యని పుస్తకాలు. పెద్ద కాగితం మీద అచ్చువేసి, దాన్ని మడిచి, కుట్టి అలాగే అమ్మేవారట. కొన్నవాళ్ళే బ్లేడుతో మడతలు కోసుకుని చదవాలి. అలాంటిది దొరికితే అన్న నన్ను పిలిచేవాడు. "ఇగో పొల్లా, గిది పుట్టినకాంచి ఎవ్వలు చదవలే. మనమే ముందుగాల." బ్లేడు నా చేతికిచ్చేవాడు.

ఒకరోజు సిరిసిల్లలో సభ ముగించుకుని బండి మీద వస్తూ, మూలమలుపు దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దుకున్నాడు. నేను ఆసుపత్రికి చేరేసరికి స్పృహలోనే ఉన్నాడు.

"ఆపరేషన్ ఉంది. చుక్క నీళ్ళు కూడా పోయొద్దమ్మా," అని నర్సు చెప్పి వెళ్ళింది.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. "దూపయితాంది పొల్లా. జర నీళ్ళియ్యి," అన్నాడు. మూడుసార్లు అడిగాడు. బాబు నీళ్ళ సీసా నా చేతిలోనే ఉంది. వెనక్కి దాచుకున్నాను. "ఆపరేషన్ అయినంక తాగుదువు అన్నా," అన్నాను.

ఆపరేషన్ దాకా అన్న ఉండలేదు.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, దుబాయ్‌లో ఉన్న మా ఆయనకూ చెప్పలేదు. ఆ తర్వాత చాలా రోజులు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే గుటక దిగేది కాదు.

రెండు నెలల తర్వాత ఖలీల్ చాచా ఫోన్ చేశాడు. బాబును ఎత్తుకుని బస్సులో కోరుట్ల వెళ్ళాను.

"సిరిసిల్లల ఓ వకీల్ సాబ్ ఇల్లు ఖాళీ చేసిండ్రు బేటీ. గీ కట్ట మొన్న జుమ్మా నాడే అచ్చింది. మీ అన్నకని చెయ్యి పక్కకు పెట్టింది. పెట్టినంక యాదికొచ్చింది..." అని కళ్ళు తుడుచుకున్నాడు. "తీస్కపో."

కట్టలో ఒక్కటే ఐర్లాండ్ ఉపన్యాసం. మడతలు కొయ్యనిది. మర్నాడు మధ్యాహ్నం బాబు నిద్రపోయాక బ్లేడు తీసుకుని కూర్చున్నాను. చదవడానికి కాదు. అన్న ఉంటే నాచేత కోయించేవాడని, అంతే.

మూడో మడత పైనా, పక్కనా మూసుకునే ఉంది. నేనే కోశాను. కాగితం పొడి ఒళ్ళో రాలింది. తెరిస్తే లోపల, కుట్టు పక్కన, పెన్సిల్‌తో రాసి ఉంది.

"దూప తీరింది పొల్లా."

ఆ పేజీలో కౌలు రైతుల గురించి ఉంది. నీళ్ళ మాటే లేదు. అన్న నోట్‌బుక్కులన్నీ ముందేసుకుని పోల్చి చూశాను. కుడివైపు వాలిన అక్షరాలు, ఒత్తును కిందికి పొడుగ్గా లాగడం, అన్నీ అతనివే. వేలితో తాకితే పెన్సిల్ నలుపు వేలికి అంటింది.

ఫోన్లో మా ఆయనకు ఆ రాత సంగతి మాత్రం చెప్పాను. "వకీల్ సాబ్ ఇంట్ల ఎవలో రాసుంటరు. పరేషాన్ గాకు, పండుకో," అన్నాడు. రాసి ఉండొచ్చు. కానీ కొయ్యని మడతలోకి పెన్సిల్ ఎలా పోతుంది? అన్న పోయాక వచ్చిన పుస్తకంలో అన్న రాత ఎలా ఉంటుంది?

ఆ రోజు నుంచి నీళ్ళు తాగగలుగుతున్నాను.

కానీ ఆ ఒక్క ముక్క నాకు సరిపోలేదు. ఇప్పుడు ఖలీల్ చాచా కొయ్యని పుస్తకం ఏది వచ్చినా నాకోసం దాస్తున్నాడు. తెచ్చుకుని, ఒక్కో మడతా మెల్లగా కోసి, కుట్టు పక్కన చూస్తాను.

ఇప్పటిదాకా అన్నీ ఖాళీగానే ఉన్నాయి.