కుక్కర్ గాస్కెట్‌కు దక్కిన శాలువా

మొన్న మా అమ్మాయి స్కూలు నుంచి ఫోను. సైన్సు సభకు పెద్దలు వస్తున్నారట, శాలువా పళ్ళెం పట్టుకోవడానికి పిల్లకు లెహంగా వేసి పంపాలట. మరి తను చేసిన ప్రాజెక్టు సంగతేమిటని అడిగితే, "అది బాయ్స్ చెప్తారు సర్" అన్నారు. ఆ పళ్ళెంతో నాకు పాత పరిచయం.

తొంభైలలో మేము దేశ రాజధానిలో, జనక్‌పురిలో ఉండేవాళ్ళం. మా పెద్దమ్మ కూతురు కటవారియా సరాయ్‌లో గది తీసుకుని ఫిజిక్స్‌లో పరిశోధన చేసేది. ఆదివారాలు మా ఇంటికొచ్చి పప్పన్నం తింటూ తన ప్రయోగశాలలోని స్టీలు పాత్ర కష్టాలు చెప్పేది. దాన్లోంచి ఎంత గాలి తోడేసినా మూత సందులోంచి మళ్ళీ దూరిపోతోందట. విదేశం నుంచి రావలసిన రబ్బరు రింగు, మా గ్యాస్ సిలిండర్‌లాగే, రేపూ మాపూ అంటూ నెలలు గడిపింది. ఒక ఆదివారం అక్క మా కుక్కర్ గాస్కెట్ ఊడదీసి సంచిలో వేసుకుంది. ఆ వారమంతా మేము ఉడకని పప్పు తిన్నాం. భౌతికశాస్త్రానికి మా కుటుంబం చేసిన సేవ అంతే. లీకు మాత్రం ఆగింది, ప్రయోగం నెగ్గింది.

అవార్డు అక్కతో పనిచేసే అబ్బాయికి వచ్చింది. సభకు మేమూ వెళ్ళాం. అక్క పట్టుచీర కట్టుకుని, శాలువా పళ్ళెం పట్టుకుని నిలబడింది. వేదిక మీద ఆడపిల్లలకు ఉన్న ఉద్యోగం అదొక్కటే. కుక్కర్ గాస్కెట్ ఉపాయం ఈ కుర్రవాడి బుర్రలోనే పుట్టిందని ప్రొఫెసర్‌గారు మైకులో మెచ్చుకున్నారు.

"అయ్యో, అది మన కుక్కర్‌ది కదండీ!" అంది అమ్మ, పైకే.

"ఊరుకోవే. రేపు దాని డిగ్రీ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే" అన్నాడు నాన్న. యుద్ధవిమానాల మధ్య బతికిన ఎయిర్‌ఫోర్స్ మనిషి, మైకుకు భయపడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వేదిక కింద నిజం తెలిసిన చేతులు మావి ఆరే. ఆరూ మోగాయి.

బస్టాపులో అక్క, "ఏరా, ఎలా ఉన్నాను స్టేజీ మీద?" అంది.

"స్టేజీ మీద ఆడవాళ్ళు ఇద్దరే అక్కా. నువ్వూ, పటంలో సరస్వతీదేవీ. ఆవిడకైనా కూర్చోడానికి పువ్వుంది."

అక్క నవ్వింది. నాన్న తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"గాస్కెట్ అయినా తిరిగిస్తారా?" అంది అమ్మ.

"అచ్ఛా! అదిప్పుడు వాడి ఆవిష్కరణ పిన్నీ."

ఈసారి ఎవరమూ నవ్వలేదు. నేనూ బూట్లు చూసుకున్నాను.

అందుకే మొన్న ఫోనులో చెప్పాను, పళ్ళెం పట్టుకోవడానికి నేనొస్తాను, ప్రాజెక్టు మా పిల్లే చెబుతుందని. కుక్కర్ గాస్కెట్లు ఏడాదికోసారి అరిగిపోతాయి. ఆ పళ్ళెం మాత్రం ఇన్నేళ్ళయినా కొత్తగానే మెరుస్తోంది.