పళ్ళ డాక్టరు తండ్రి వేషం

ఆ నాటకాల సంఘం ఏటా వేసేది ఒకటే పాటల నాటకం, ఐదుగురు పిల్లల్ని కంటికి రెప్పలా పెంచుకునే తండ్రి కథ. తండ్రి వేషం పళ్ళ డాక్టరుదే. సంఘానికి ప్రెసిడెంటు ఆయనే మరి, ఇంకెవడికిస్తాడు? మీసానికి బూటు పాలిష్ పూస్తాడు, పొట్ట లోపలికి లాక్కుని బెల్టు బిగిస్తాడు, వేడినీళ్ళు పుక్కిలించి ఆ గ్లాసు పక్కనున్నవాళ్ళ చేతిలో పెట్టేస్తాడు. ఇంతా చేసి ఒక్క పాటా నోటికి రాదు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని భార్య మాట మాటా అందిస్తే, అదేదో తన గుండెల్లోంచి పొంగినట్టు పాడి చప్పట్లు కొట్టించుకుంటాడు.

ఈసారి ఆఖరి పిల్ల వేషం సొంత కూతురిది. దానికున్నదల్లా ఒక్క చరణం. నెలంతా వంటింట్లో అమ్మ వెనకాల తిరుగుతూ నేర్చుకుంది. తీరా రిహార్సల్లో, పిల్ల జంకుతుందేమోనని తల్లి మొదటి మాట అందిస్తే, అది ఈయన లాక్కుని చరణమంతా భార్య చేత చెప్పించుకుని పాడేశాడు.

"నాన్నా, అది నాది," అంది పిల్ల.

"నీ గొంతు మూడో వరసక్కూడా వినపడదమ్మా. నా చెయ్యి పట్టుకుని నవ్వు, చాలు."

నాటకం రోజున ఆ చరణం రానే వచ్చింది. ఆయన పిల్ల నెత్తి మీద చెయ్యేసి, ఛాతీ పొంగించి, తెర వైపు చెవి పెట్టాడు. భార్య పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అందించవే," అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

"అది దాని చరణం. దాన్ని పాడుకోనివ్వండి."

పిల్ల అందుకుంది. మూడో వరసేమిటి, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళక్కూడా వినపడింది. ఆయన మాత్రం, రోజూ తన కుర్చీలో పడుకునే పేషెంట్లలాగే, నోరు బార్లా తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.