గాలిదుమారం గారి తూనీగ

బట్టలు శుభ్రం చేసే దుకాణంలో ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే ఆవిడకు గాలిదుమారం అని పేరు పెట్టింది యజమానురాలు. పెట్టినప్పుడు మెచ్చుకోలుగానే పెట్టింది. చొక్కా బల్ల మీద పడీ పడకముందే కాలరు అయిపోయేది, చేతులు తిరగబడేవి, వీపు మీద ఒక్క తోపుతో మడతలన్నీ పారిపోయేవి. పక్క బల్ల మనిషి ఇంకా బొత్తాలు విప్పుకుంటూ ఉండగానే ఈవిడ తన చొక్కాను హ్యాంగరుకి తగిలించేసేది. కానీ ఆ వేగానికి ఇంకో వైపు ఉంది. ఎవరైనా వచ్చి, "ఈ మడత సరిగ్గా రాలేదమ్మా" అన్నారా, ఆ పూటకి ఆవిడ పని అయిపోయినట్టే. మొహం కందగడ్డ అవుతుంది, వేలాడే కోట్ల వరస వెనక్కి పోయి నిలబడుతుంది. ఎంత పిలిచినా రాదు.

అలాంటి మనిషిని ఒక వీడియో ఆటలో వందల జంతువుల్లోంచి ఒకదాన్ని ఎంచుకోమంటే ఏం ఎంచుకుంటుంది? తూనీగని ఎంచుకుంది. వద్దని చెప్పనివాళ్ళు లేరు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలి. తెర మీద వింత జంతువులు తలపడతాయి. జంటల పోటీలో అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, తలా ఒక జంతువు. ప్రతి విడతలోనూ నలుగురూ ఎవరికి వారు, పక్కనున్న జోడీకి కూడా చెప్పకుండా, తమ జంతువు ఏం చెయ్యాలో నొక్కుతారు. తర్వాత వేగమైనది ముందు, నెమ్మదైనది చివర, వరసగా దెబ్బలు పడతాయి. తూనీగ కంటే వేగమైనది ఆ ఆటలో లేదు. దాని కాటు రెండుసార్లు తిని లేచి నిలబడ్డ జంతువు కూడా లేదు. కాకపోతే దానికి ఉన్నదే చిటికెడు ప్రాణం. చిన్నదో పెద్దదో, ఒక్క దెబ్బ తగిలితే రెక్కలు వాల్చేస్తుంది. అప్పుడు తెర మీద రాలిపోయే ఆ రెక్కల్ని చూసినప్పుడల్లా గాలిదుమారానికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇక ఆవిడ జోడీ ఎవరంటే, సాక్షాత్తూ అత్తగారు. పెద్దాసుపత్రిలో రాత్రి వార్డు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ నర్సమ్మ. రోగి దగ్గర కుర్చీ వేసుకుని, ఏమీ చెయ్యకుండా, కళ్ళు మాత్రం తిప్పకుండా గంటలు గంటలు కూర్చోవడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో కూడా అంతే. పాలు పొంగుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే రకం, పొర్లే ముందు క్షణంలో మాత్రం ఎలా లేస్తుందో లేచి పొయ్యి కట్టేస్తుంది. ఆవిడ జంతువు బండతాబేలు. నడిస్తే నడిచినట్టు కనపడదు. కానీ 'అడ్డుపడు' అని నొక్కితే చిప్ప మూసుకుని ముందుకొస్తుంది, ఆ విడతలో జోడీ మీదకొచ్చే దెబ్బలన్నీ తన మీద వేసుకుంటుంది. చిప్ప మూసున్నంతసేపు దానికి ఏ దెబ్బయినా చీమ కుట్టినట్టే, కాకపోతే కొన్ని విడతలకి చిప్ప అరిగిపోయి ఇక అడ్డుపడలేదు. చిప్ప తెరిచి కొట్టడానికి పోతే మాత్రం అది కూడా అందరిలాంటి జంతువే.

ఈ ఆట ఇంట్లోకి వచ్చింది నర్సమ్మ కొడుకు వల్ల. ఆయన బస్సు డ్రైవరు. కాలు విరిగి మంచాన పడ్డప్పుడు కాలక్షేపానికి ఆట ఆడే యంత్రం కొనుక్కున్నాడు. కాలు బాగుపడి ఆయన బస్సెక్కేశాడు. యంత్రం ముందు అత్తాకోడళ్ళు మిగిలిపోయారు. పప్పులో ఉప్పు గురించి, తడి తువ్వాలు గురించి గొడవపడేవాళ్ళు కాస్తా తూనీగ గురించి గొడవపడటం మొదలుపెట్టారు. "మీ ఇద్దరి మధ్యా నన్ను లాగకండి" అని ఆయన అన్నం పళ్ళెం పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు.

గొడవ ఎప్పుడూ ఒకటే.

"ఒక్క విడత ఆగవే," అనేది అత్తగారు. "ఒదుగు అని బొత్తం ఉందిగా. దాన్ని నొక్కితే ఆ విడత నిన్నెవరూ ముట్టుకోలేరు. వాడి పెద్ద దెబ్బ వృథా పోతుంది. ఆ దెబ్బ వేశాక వాడు ఒక విడత ఆయాసపడి పడుకోవాలి. అప్పుడు వెళ్ళి కొట్టు. నిన్నెవరు వద్దన్నారు?"

"ఒదగడానికా నేను తూనీగని పెట్టుకున్నది? మీరు ప్రతిసారీ చిప్ప మూసుకుని కూర్చుంటే కొట్టేదాన్ని నేనొక్కదాన్నే అవుతున్నా. మీ చిప్ప ఎంతసేపు ఆగుతుంది? అది అరిగిపోయాక నా గతేంటి? మీరు కూడా ఒక దెబ్బ వెయ్యండి అత్తయ్యా. నా తూనీగ పోతే పోనీండి."

"పోతే పోనిస్తానా? నా కళ్ళముందు?"

"ప్రతి ఆదివారం పోతూనే ఉందిగా!"

అది నిజం. సైకిళ్ళ షాపాయన తన మేడ మీద గదిలో ఆదివారాలు పోటీలు పెట్టేవాడు. పాత ట్యూబులు, చక్రాల మధ్య నాలుగు తెరలు, ప్లాస్టిక్ కుర్చీలు. ప్రతి విడత మొదలుకీ ఆయన ఒక సైకిల్ బెల్లు కొట్టేవాడు. ఆట మొదలయ్యాక జోడీలు మాట్లాడుకోకూడదని ఖచ్చితమైన నియమం. ఒకప్పుడు దగ్గుతో, గాజుల చప్పుడుతో సైగలు చేసుకున్నవాళ్ళు ఉన్నారట, దాంతో దగ్గినా ఆట పోయినట్టే లెక్కకట్టేవాడు. ఆ గదిలో గాలిదుమారం ఎన్ని ఆటలు గెలిచినా, తూనీగ బతికి బయటపడ్డవి తక్కువ. ఓడినవి మాత్రం అన్నీ దాని మూలానే. వేరే వాళ్ళు నవ్వేవారు. "ఆ పురుగుని మార్చి ఏ ఎద్దునో పెట్టుకోరాదూ" అనేవారు. ఆవిడకి ఒళ్ళు మండేది. ఎద్దుని పెట్టుకుని గెలిస్తే అది ఎద్దు గెలుపు అవుతుంది, నాదెలా అవుతుందని ఆవిడ వాదన. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, గెలవకపోవడం తప్ప.

ఆ ఏడు ఈ గొడవ మామూలుగా లేదు. దానికి కారణం నర్సమ్మ కళ్ళు. కళ్ళలో ఒత్తిడి పెరిగి చూపు పక్కల నుంచి మూసుకొస్తోందని డాక్టరు చెప్పాడు. చుక్కల మందు వేస్తే ఆగుతుందేమో గానీ పోయింది తిరిగి రాదన్నాడు. అప్పటికే బొత్తాల మీద అక్షరాలు కనపడక ఆవిడ ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని నొక్కేది. వచ్చే ఏటి పోటీలకి తెర మీద ఏది ఎలుగుబంటో ఏది నక్కో పోల్చుకోవడం కూడా కష్టమే. షాపు మేడ గదిలో ఏడాది పోటీ గెలిచిన ఒక్క జోడీనే పెద్ద పోటీకి పంపుతారు, అన్ని ఊళ్ళ జోడీలూ వచ్చే చోటికి. "ఒక్కసారి ఆ పెద్ద తెర ముందు కూర్చోవాలే," అని నర్సమ్మ మంచం మీద కూర్చుని మందు చుక్కలు వేయించుకుంటూ అనేది. చుక్కలు వేసేది కోడలే. ఆ మాట విన్నప్పుడల్లా కోడలి గురి తప్పి చుక్క చెంప మీద పడేది, మళ్ళీ దానికో గొడవ.

ఈసారి వాళ్ళు ఆఖరి ఆట దాకా వచ్చారు. ఎదురుగా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే అన్నదమ్ములు. అన్నది ఎలుగు, తమ్ముడిది నక్క. ఆ ఆటకి రెండు రోజుల ముందు ఇంట్లో తుఫాను లేచింది. "నీకు నిలకడన్నది పుట్టుకతోనే లేదు" అంది అత్తగారు. "మీకు తెగువ లేదు, మంచం పక్కన కూర్చోవడం తప్ప ఏం చేశారు జన్మలో" అంది కోడలు. నోరు జారాక తెలిసింది ఎంత మాటన్నదో. నర్సమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అక్కడినుంచి మాటల్లేవు. డ్రైవరుగారు ఒకరి మొహం, ఇంకొకరి మొహం చూసి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆదివారం మేడ మీద గది నిండిపోయింది. బెల్లు మోగింది.

మొదటి విడత ఎప్పటిలాగే గడిచింది. తాబేలు అడ్డుపడింది, తూనీగ ఎలుగుని కాటేసింది. ఎలుగు ప్రాణం సగానికి పైగా పోయింది. ఇంకో కాటు పడితే అది కూలుతుంది. ఎలుగు చెంపదెబ్బ, నక్క కాటు రెండూ తాబేలు చిప్ప మీద పడి జారిపోయాయి. ఎదురుగా ఎలుగు వెనక్కాళ్ళ మీద లేచింది. పెద్ద దెబ్బ ఇప్పుడే వస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆవిడ వేలు కాటు బొత్తం మీదే ఉంది. ఎప్పుడూ ఉండేది అక్కడే. పక్కకి చూస్తే అత్తగారు తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగి, కళ్ళు చికిలించి కూర్చుని ఉంది. ఆ మెడ చూసేసరికి కోడలికి శుక్రవారం తనన్న మాట గుర్తొచ్చింది. ఎప్పుడూ తన మాటే నెగ్గాలన్న మంకుపట్టు ఎందుకు, ఈ ఒక్కసారైనా పెద్దావిడ చెప్పినట్టు చేస్తే తన సొమ్మేం పోతుంది అనిపించింది. జీవితంలో మొదటిసారి గాలిదుమారం ఆగింది. 'ఒదుగు' నొక్కింది. నొక్కి, ఎంత హాయిగా ఉందో అనుకుంది కూడా.

తెర కదిలింది. తూనీగ రెక్కలు ముడుచుకుని ఒక మూలకి ఒదిగింది. మంచిది. ఇప్పుడు తాబేలు చిప్ప మూసుకోవాలి.

తాబేలు చిప్ప తెరిచింది.

మెడ బయటపెట్టి, నాలుగు కాళ్ళూ ఊడబెరుక్కుని, నక్క మీదకి బయలుదేరింది. బయలుదేరింది గానీ అది నడిచేదెప్పుడు, చేరేదెప్పుడు. తాబేలనే గోడ పడితేగాని తూనీగ దొరకదని ముందే అనుకుని ఉన్న అన్నదమ్ములు ఇద్దరూ తాబేలు మీదకే గురిపెట్టారు. నక్క కరిచింది. ఎలుగు ఉన్న బరువంతా వేసి తెరిచున్న చిప్ప మీద పడింది. బండతాబేలు వెల్లకిలా పడిపోయింది. ఎన్ని ఆటలు ఆడినా ఎవరూ చూడని దృశ్యం అది. గదిలో ఎవరో "అయ్యో" అన్నారు.

తర్వాత జరిగింది చెప్పడానికి కూడా చిరాకు. వెంటవెంటనే ఒదగడానికి ఆట ఒప్పుకోదు. తూనీగ ఒంటరిగా లేచి ఎలుగుని కాటేసి పడగొట్టింది. నక్క ఒక్క గెంతు గెంతింది. రెక్కలు రాలాయి. బెల్లు మోగింది. కోడలు ఎప్పటిలాగే కొట్టి ఉంటే గెలిచేవాళ్ళు. అత్తగారు ఎప్పటిలాగే అడ్డుపడి ఉన్నా గెలిచేవాళ్ళు. ఇద్దరూ ఎప్పటిలాగే ఉండి ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఉన్న నాలుగు దారుల్లో మూడు గెలుపుకే పోతాయి. వీళ్ళు వెతుక్కుని నాలుగోదాంట్లో దిగారు.

పోస్టాఫీసు అన్నయ్య మర్యాదస్తుడు. లేచొచ్చి నర్సమ్మకి నమస్కారం పెట్టాడు. "మీ తాబేలు బయటికొస్తుందని కలలో కూడా అనుకోలేదమ్మా" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది గాలిదుమారానికి. కోట్ల వరస ఏదైనా ఉంటే వెనక్కి పోయి నిలబడేది. ఉన్నవి సైకిల్ చక్రాలే, వాటి వెనక ఎవరూ దాక్కోలేరు.

మేడ మెట్లు ఇరుకు. వెలుతురు తక్కువ. నర్సమ్మకి మెట్టు అంచు కనపడదు. కోడలు మోచెయ్యి అందించింది. అత్తగారు పట్టుకుంది. సగం దిగాక ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది పెద్దావిడ.

"ఎందుకాగావే? ఒక్క కాటు. ఒక్క కాటు వేసుంటే అయిపోయేది!"

"ఆగమన్నది మీరు కాదూ?"

"ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా, ఎన్నడైనా చెవిన పెట్టావా? ఇవాళే దొరికిందా నీకు?"

"మరి మీరు? చిప్ప తెరవమని ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే. కొట్టండి, కొట్టండి అని నా ప్రాణం తియ్యలేదూ?" నర్సమ్మ మెట్టు మీద ఆగిపోయింది. ఆయాసం వచ్చింది. "తెగువ లేదన్నావుగా. నిజమేనేమో అనిపించింది. ఈ కళ్ళతో ఇంకెన్ని ఆటలు ఆడతాను, పిల్ల అడిగినట్టు ఒక్కసారి కొట్టేద్దామనుకున్నా. నువ్వు ముందు ఎలుగుని పడగొట్టేస్తావని నమ్మి బయటికొచ్చా. నువ్వు ఆగుతావని ఎలా అనుకుంటానే? నువ్వు!"

కోడలికి అరవాలనుంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. మంచి మాట విన్నందుకు ఎవరైనా ఓడిపోతారా? ఆ అన్నదమ్ముల మీద కోపం లేదు, వాళ్ళు వాళ్ళ పని చేసుకున్నారు. అత్తగారి మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. తన మీద తెచ్చుకుందామంటే, తను చేసిన ఒకే ఒక్క బుద్ధిగల పని అదే. పళ్ళు కొరుక్కుంది. కళ్ళనిండా నీళ్ళు వచ్చి ఆవిడకి కూడా మెట్లు కనపడలేదు. ఇద్దరూ గోడ పట్టుకుని తడుముకుంటూ దిగారు.

కింద వీధిలోకి వచ్చాక నర్సమ్మ చెయ్యి వదల్లేదు. ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇంకెప్పుడూ నా మాట వినకు," అంది. "తెలిసిందా?"

"వినను," అంది కోడలు. వినకుండా ఉండటానికి ఇంకో ఆట మిగల్లేదని ఇద్దరికీ తెలుసు.